రాజకీయ వంత

బుర్రకథ చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. చూడనివాళ్లు యీ కాలంలో యెక్కువయ్యారు కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. వేదిక మీద ముగ్గురుంటారు. నడుమ కథకుడు. భుజాన తంబురా, బొటనవేలికి అందె, కాళ్లకి గజ్జెలు. ముందుకి నాలుగడుగులు వేసి వెనక్కి నాలుగడుగులు వేస్తూ, పాడుతూ, మాట్లాడుతూ, యేడుస్తూ, యేడిపిస్తూ రాత్రి పొడుగునా కథ నడిపిస్తాడు. అతనికి చెరోపక్కా డక్కీలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఇద్దరూ "తందాన" అనేవాళ్లే గాని ఇద్దరి ఉద్యోగం ఒకటి కాదు. ఒకడిది హాస్యం. రెండోవాడిది రాజకీయం. అది నేను పెట్టిన పేరు కాదు. హాస్యపు వంత, రాజకీయ వంత అనే వాళ్లని పిలుస్తారు.

రాజకీయ వంత పనేమిటంటే కథకి అడ్డు తగలడం. కథకుడు పల్నాటి యుద్ధంలో కోడిపందెం దాకా వచ్చి, నాయకురాలు నాగమ్మ యెత్తులన్నీ వర్ణించి ఆయాసం తీర్చుకుంటూంటే, యితను డక్కీ మీద ఒక్క దెబ్బ వేసి, "ఔనుగాని, పందెం వాళ్లు వేసుకున్నారు, ఓడినందుకు అడవుల పాలయింది మాత్రం వూళ్లకి వూళ్లు. యిదేం న్యాయం? మన పంచాయతీలో లాగే వుందే!" అంటాడనుకోండి. జనం గొల్లుమంటారు. ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూచున్న పెద్దమనిషి మాత్రం కండువా సవరించుకుంటాడు.

నాటకంలో రాజకీయం వుండటం పెద్ద వింత కాదు. కాని రాజకీయానికంటూ ప్రత్యేకంగా ఒక మనిషినీ, ఒక వాయిద్యాన్నీ, వేదిక మీద ఒక చోటునీ కేటాయించిపెట్టడం మాత్రం సామాన్యమైన ఆలోచన కాదు.

యీ మధ్య ఆఫ్రికా దేశాల నాట్యబృందాల గురించి చదువుతూంటే నాకు యీ రాజకీయ వంతే పదేపదే గుర్తుకొచ్చాడు. అక్కడ కొత్తతరం నాట్యకారులు తమ దేశాల గతాన్ని, అంటే తెల్లవాళ్ల యేలుబడిని, తర్వాత వచ్చిన నల్లదొరల యేలుబడిని, యుద్ధాలనీ, వూచకోతలనీ ఒంటితో చెబుతున్నారు. పారిస్‌లోనూ లండన్‌లోనూ పత్రికలవాళ్లు దాన్ని సరికొత్త విద్య అని మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోవలసిందే. కాని కొత్తది అనే మాట దగ్గర నాకు కొంచెం పేచీ వుంది. ఆ పేచీ యేమిటో చెప్పాలంటే మా వూరి నుంచి మొదలుపెట్టాలి.

మాది కలిదిండి. కొల్లేటికి దక్షిణాన, ఉప్పుటేరుకి పడమట. 2022 దాకా కృష్ణా జిల్లా, యిప్పుడు ఏలూరు జిల్లా. చుట్టూ చేపల చెరువులు, వాటి గట్ల మీద కొబ్బరిచెట్లు, సాయంత్రమైతే దోమలు. యిటువంటి వూరు చరిత్ర పుస్తకాల్లోకి యెక్కిందంటే అది కొన్ని రాగిరేకుల పుణ్యం. కలిదిండి శాసనం అంటారు వాటిని. వేయించినవాడు రాజరాజ నరేంద్రుడు. నన్నయగారి చేత భారతం మొదలుపెట్టించిన మహారాజే.

ఆయనకి కవిత్వం మీద యెంత యిష్టమో, సింహాసనం మీద అంత బెంగ. సవతి తమ్ముడు విజయాదిత్యుడు రాజ్యం నాదంటాడు. అతని వెనక కల్యాణి చాళుక్యులు, అంటే కన్నడ సైన్యం. యీయనకి తల్లి కుందవ్వ తరఫు చుట్టాలు తంజావూరు చోళులు. మేనమామ రాజేంద్ర చోళుడే పిల్లనిచ్చిన మామగారు కూడా. ఆయన అల్లుడికి సాయంగా ముగ్గురు సేనానుల్ని పంపించాడు. కన్నడ సైన్యంతో ఘోర యుద్ధం జరిగింది. ముగ్గురూ చచ్చిపోయారు. వాళ్ల జ్ఞాపకార్థం రాజరాజు కలిదిండిలో మూడు శివాలయాలు కట్టించి, భూములిచ్చి, ఆ సంగతి రాగి మీద చెక్కించాడు. అంతటితో ఆగలేదు. కలిదిండినీ, పక్కనున్న కడపర్రునీ, ఆవకూరునీ కలిపి మధురాంతకనల్లూరు అని పేరు మార్చేశాడు. మధురాంతకుడంటే రాజేంద్ర చోళుడే. మామగారి పేరు మీద వూరన్నమాట.

ఆ పేరు నిలవలేదు. వెయ్యేళ్లయింది, మా వూరివాళ్లు నోరారా కలిదిండి అనే అంటున్నారు. రాజు పెట్టిన పేరుని జనం యెప్పుడు వదిలేశారో, యే చెయ్యీ రాసిపెట్టలేదు. వదిలేశారంతే.

ఆ రేకుల మీద ముగ్గురు సేనాధిపతుల పేర్లున్నాయి. రాజుగారి వంశం చంద్రుడి దగ్గర్నుంచీ వుంది. లేనివాళ్లెవరో కూడా చూడాలి గదా! ఆ సేనానుల వెనక నడిచి పడిపోయిన కాల్బలం లేదు. యేనుగులు తొక్కిన వరిచేలు యెవరివో లేదు. ఆ యేడు మా వూళ్లో యెందరు పస్తున్నారో లేదు. యిది రాజరాజు తప్పు కాదు. రాగి ఖరీదైనది. యిచ్చినవాడి పేరు, పుచ్చుకున్నవాడి పేరు, పొలం సరిహద్దులు రాసేసరికి రేకు నిండిపోతుంది. మిగతావాళ్లు తమ జ్ఞాపకాన్ని వేరేచోట దాచుకోవాలి. రాగి లేనివాడికి, రాత రానివాడికి వున్నదల్లా ఒళ్లు, గొంతు. అడుగులో, దరువులో, వేషంలో దాచుకున్నాడు.

యిది నా వూహ మాత్రమే అనుకుంటారేమో, దానికి ఒక కాగితం సాక్ష్యం కూడా వుంది. మెకంజీ దొర 19వ శతాబ్ది మొదట్లో వూరూరా సేకరింపించిన కైఫీయతులలో మాచుపల్లి కైఫీయతు అని ఒకటుంది. కడప వైపు సిద్ధవటం సీమని సమ్మెట గురవరాజు అనేవాడు యేలేవాడట. పన్ను కట్టలేని ఇళ్ల ఆడవాళ్లని పట్టుకొచ్చి, రాయడానికి చెయ్యి రాని హింసలు పెట్టి డబ్బు గుంజేవాడట. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు అది కళ్లారా చూశారు. చూసి గురవరాజుని ప్రశ్నించలేదు, ప్రశ్నిస్తే తలకాయలుండవు. నోరు మూసుకుని తిన్నగా విజయనగరం పోయి, రాయలవారి యెదుట కేళిక చెయ్యడానికి సెలవు పుచ్చుకున్నారు. రాజుగారు రాముడో కృష్ణుడో వస్తాడని కూచున్నారు. తెర తీస్తే వచ్చింది గురవరాజు! ఒకడు గురవరాజు వేషం, ఇద్దరు అతని బంట్లు, ఇంకొకడు ఆడవేషం. సిద్ధవటంలో జరిగింది జరిగినట్టు ఆడి చూపించారు. రాయలవారు యిదేమిటని అడిగి, సంగతి తెలుసుకుని సైన్యాన్ని పంపారు. గురవరాజుని పట్టి చంపారు. 16వ శతాబ్ది తొలి యేళ్లలో వీరనరసింహరాయల నాటి ముచ్చట అని చెబుతారు.

నేను యీ కథని భక్తిగా చదవను. ఒక సామంతుడి మీద దండెత్తడానికి చక్రవర్తికి సొంత కారణాలు వేరే వుండే వుంటాయి. నాకు నచ్చింది కథలోని పద్ధతి. అర్జీ రాస్తే దారిలోనే చింపేస్తారు. నోటితో చెబితే, సాక్ష్యమేదంటారు. వేషం కట్టి ఆడితే మాత్రం సభంతా ఒక్కసారే సాక్షి అయిపోతుంది. చూడలేదు, వినలేదు అని రాజు కూడా తప్పించుకోలేడు. అయితే ఒక్క వెలితి. హింస పడ్డది ఆడవాళ్లు, ఆడవేషం కట్టినవాడు మగవాడు. కూచిపూడి మేళాల్లో ఆడవాళ్లకి చోటు దొరకడానికి తర్వాత నాలుగు వందల యేళ్లు పట్టింది. ఆ సిద్ధవటం ఆడవాళ్లే ఆడివుంటే ఆ ఆట యెలా వుండేదో!

కూచిపూడి మా పాత కృష్ణా జిల్లాలోదే. ఆ వూరికే సంబంధించిన మరో కథ అందరికీ తెలుసు. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా, 1672 నుంచి 1687 దాకా యేలినవాడు, బందరు వైపు వచ్చి వీళ్ల ఆట చూసి ముచ్చటపడి వూరు వూరంతా అగ్రహారంగా రాసిచ్చేశాడని. మంచివాడే. అయితే నాదో అనుమానం. ఆట చూసి రాజు దండెత్తడం ఒక రకం, ఆట చూసి వూరు రాసిచ్చెయ్యడం ఇంకో రకం. ఆటకి రెండోదే యెక్కువ ప్రమాదమేమో! భూమి వచ్చాక సత్యభామ జడ పొడుగు పెరిగింది గాని, మళ్లీ ఒక గురవరాజు వేషం కట్టినట్టు కథ యేదీ నా చెవిన పడలేదు. వాళ్లని తప్పు పట్టడం నా వుద్దేశం కాదు. పిల్లాపాపలున్నవాళ్లు. భూమి వద్దనేవాడు యెవడు?

ఆ పని భూమి లేని ఇంకో జట్టు చేసింది. జంగాలు, శారదకాండ్రు, తంబురా మీద తందాన కథలు చెప్పుకు బతికేవాళ్లు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు పగ, కోటలో ఆడవాళ్ల చావు, తాండ్ర పాపయ్య ప్రతీకారం. అచ్చులో రాకముందు వందేళ్ల పైచిలుకు అదంతా నోటి మీదే వూరూరా తిరిగింది. దారి కాచి కోటలు దోచి, 1710లో మొగలుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న సర్వాయి పాపడు కూడా అలాగే బతికాడు, పాటలో. పంటచేల గట్ల మీద, సంత మైదానాల్లో. 1874లో బాయిల్ అనే దొర యీ గాథలకి ముచ్చటపడి తెలుగు వీరగాథల మీద వ్యాసం రాసి ప్రకటించాడు. సరిగ్గా రెండేళ్లకి, 1876లో, దొరల సర్కారే నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. కలకత్తాలో బెంగాలీవాళ్లు తెల్లదొరలకి సాగిలపడే పెద్దమనుషుల్ని వెక్కిరిస్తూ నాటకాలాడటంతో ఒళ్లు మండి చేసిన చట్టం అది. రాజద్రోహంగా తోస్తే యే ప్రదర్శననైనా ఆపవచ్చు. మాటలున్న నాటకమే కానక్కర్లేదు, మాట లేని మూకాభినయం కూడా అందులో చేరుతుందని చట్టంలోనే రాసిపెట్టారు. నోరు మూసుకున్నా సరే, చెయ్యి తిప్పకూడదన్నమాట. స్వరాజ్యం వచ్చాక కూడా ఆ చట్టం పుస్తకాల్లోంచి పోవడానికి 2018 దాకా పట్టింది. చచ్చిపోయిన దొరల చట్టాలకి ఆయుష్షు మెండు.

చచ్చిపోయిన గాథల్ని ముచ్చటగా అచ్చేసుకోవచ్చు, బతికివున్న ఆటని మాత్రం ఆపాలి. యీ తేడా సర్కారువారికి మనకంటే బాగా తెలుసు.

1943లో ప్రజా నాట్యమండలి పుట్టింది. బెంగాల్లో కరువొచ్చి లక్షల మంది, ముప్పై లక్షలదాకా అని లెక్క, రోడ్ల మీద చచ్చిపోతున్న యేడు. డాక్టర్ గరికపాటి రాజారావు వంటివాళ్లు బుర్రకథనీ, వీధిభాగవతాన్నీ, కోలాటాన్నీ, పగటివేషాన్నీ దుమ్ము దులిపి మళ్లీ వేదిక యెక్కించారు. వీళ్లు చేసిన గొప్ప పనేమిటంటే రాజకీయ వంతని పక్కనుంచి తీసి నడుమకి తేవడం. అంతకుముందు కథ పాతది, ప్రశ్న మాత్రం కొత్తది. వీళ్ల చేతిలో కథే కొత్తదైపోయింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట 1920లో పుట్టిన షేక్ నాజర్ బెంగాల్ కరువుని బుర్రకథ కట్టి చెప్పాడు. అల్లూరి సీతారామరాజుని చెప్పాడు. ఆ చేత్తోనే పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో 'మా భూమి' నాటకం రాశారు. తెలంగాణా రైతు, దొర, నైజాం.

మద్రాసు సర్కారు 'మా భూమి'ని నిషేధించింది. బుర్రకథ మీద కూడా అటు నైజాములోనూ యిటు మద్రాసు రాష్ట్రంలోనూ నిషేధాలు వచ్చిపడ్డాయి. ఆ రోజుల్లో సభకి నోటు పుస్తకం పట్టుకుని వచ్చే పోలీసు జవాను అవస్థ తలుచుకుంటే నాకు జాలేస్తుంది. ఉపన్యాసమైతే రాసుకోవచ్చు. యిదేం రాసుకుంటాడు? తంబురా ఒక్కసారి ఆపి, రాజకీయ వంత కేసి చూసి, కనుబొమ్మ యెగరేశాడు అని రాస్తే పైఆఫీసరు కోప్పడడూ?

నాజర్‌కి 1986లో పద్మశ్రీ యిచ్చారు. 1997లో పోయాడు. అతని ఆత్మకథ పేరు 'పింజారి'. కులం పేరుతో వేదిక దింపేద్దామని చూసినవాళ్లుంటారు గదా, ఆ పేరునే అట్ట మీద వేసుకున్నాడు.

యిప్పుడు ఆఫ్రికా. మనం అనుకున్నంత దూరమేమీ కాదది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అని ఒక పేట వుంది. బస్సు దిగేవాళ్లలో చాలామంది ఆ పేరుకి అర్థం అడగరు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం. ఆ సిద్దీల మనవలూ మునిమనవలూ అక్కడే వున్నారు. 1948 పోలీసు చర్య తర్వాత దళం పోయింది. మర్ఫా మిగిలింది. ఆ డప్పుల మోత, ఆ కత్తులూ కర్రలూ తిప్పే ఆట హైదరాబాదు పెళ్లి వూరేగింపుల్లో యిప్పటికీ వినిపిస్తుంది. దరువు వుంది, అడుగు వుంది. యే తీరం నుంచి, యెవరి ఓడలో, యెంత వెలకి తెచ్చారు అనే కథ మాత్రం ఆ ఆటలో లేదు. రాజకీయ వంత లేని ఆట అది. పెళ్లివారు డబ్బిస్తారు, పెళ్లివారికి ఆ కథ యెందుకు?

కెన్యా దేశంలో లిమూరు దగ్గర కమిరీథు అని ఒక పల్లె వుంది. తేయాకు తోటల్లో, బూట్ల కంపెనీలో పనిచేసే కూలీల పల్లె. 1977లో గూగీ వా థియోంగో, గూగీ వా మిరీ అని ఇద్దరు రచయితలు అక్కడి జనంతో కలిసి గికూయు భాషలో ఒక ఆట కట్టారు. ఒక పేదరైతుకి యెకరంన్నర భూమి వుంటుంది. పట్టా కాగితాన్ని గోడకి తగిలించుకుంటాడు. ఒక ధనవంతుడి మాటలు నమ్మి దాన్ని తాకట్టు పెడతాడు, పోగొట్టుకుంటాడు. అంతే కథ. మన 'మా భూమి'కి పినతల్లి కొడుకనిపించడం లేదూ? రెండు వేల మంది కూచునే రంగస్థలాన్ని వూరివాళ్లే కట్టుకున్నారు. ఆరుబయట సాధన చేస్తూంటే ముసలివాళ్లు వచ్చి, పాట అలా కాదు, అడుగు అలా కాదు అని రచయితల్ని దిద్దారు. తెల్లవాళ్ల మీద తిరగబడిన రోజుల్లో ఆ అడుగులు వేసినవాళ్లు కొందరు యింకా బతికే వున్నారు మరి.

అక్టోబరులో ఆట మొదలైంది. నవంబరు మధ్యకి సర్కారు లైసెన్సు రద్దు చేసింది. డిసెంబరు 31 రాత్రి థియోంగోని పట్టుకుపోయారు. యేడాది జైలు. ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. అదే యేడు ఆయన ఇంగ్లీషులో ఒక నవల వేశాడు. అందులో కూడా యీ భూమి కాజేసినవాళ్ల గురించే రాశాడు. దాన్ని సాక్షాత్తు ఆర్థికమంత్రిగారే ఆవిష్కరించారు! ఇంగ్లీషులో అచ్చేస్తే సభ, పూలదండ. కూలీల భాషలో, కూలీల కాళ్లతో ఆడిస్తే జైలు. 1982లో ఇంకో ఆట కట్టబోతే ప్రభుత్వం పోలీసుల్ని పంపి ఆ రంగస్థలాన్నే నేలమట్టం చేయించింది. ఆట వాక్యంలో లేదు, ఆ చోటులో వుందని వాళ్లకి తెలిసిపోయింది. థియోంగో జైల్లో మరుగుదొడ్డి కాగితం మీద రాసిన నవలని మన వరవరరావు తాను జైల్లో వుండగా తెలుగు చేశారు. ఒక జైలు నుంచి ఇంకో జైలుకి తపాలా అనుకోవచ్చు. థియోంగో 2025 మే నెలలో పోయాడు.

ఆ తర్వాతి తరంవాళ్లు మాటని యింకా తగ్గించేశారు. సెనెగల్‌లో జెర్మేన్ అకోనీ అనే ఆవిడ వుంది. 1944లో పుట్టింది. సముద్రపు వొడ్డున, ఇసుకలో, నాట్యశాల కట్టింది. దాని పేరే ఇసుకల బడి. 1994లో రువాండా దేశంలో నూరు రోజుల్లో సుమారు యెనిమిది లక్షల మందిని పక్కింటివాళ్లే నరికేశారు. దాని మీద ఆవిడ ఒక జపాను నాట్యకారుడితో కలిసి 2004లో యేడుగురు మగవాళ్లతో ఒక నాట్యం కూర్చింది. పేరు 'ఫగాలా', అంటే వాళ్ల భాషలో జాతిహత్య. కాంగోలో ఫౌస్తిన్ లిన్యెకూలా అని ఇంకొకాయన. 1974లో పుట్టాడు. ఆయన పుట్టేనాటికి దేశం పేరు జైర్. 1971లో మొబుటు అనే సైనికాధికారి ఆ పేరు పెట్టాడు. ఆయన పెద్దవాడయ్యాక, 1997లో, మొబుటు పారిపోయాడు, దేశం మళ్లీ కాంగో అయింది. మధురాంతకనల్లూరు కథ మీకు గుర్తుంది గదా! కాకపోతే మా వూళ్లో పేరు చప్పుడు లేకుండా రాలిపోయింది, అక్కడ నెత్తురు కారింది.

లిన్యెకూలా 2019లో 'కాంగో' అనే ఆట కట్టాడు. 1884లో బెర్లిన్‌లో బల్ల చుట్టూ కూచుని దొరలు ఆఫ్రికాని పంచుకున్నారు. ఆ గదిలో ఆఫ్రికావాడు ఒక్కడూ లేడు. వేదిక మీద ముగ్గురే. ఒకడు ఆ చరిత్ర చదువుతాడు. ఒకావిడ పాడుతుంది. లిన్యెకూలా ఆడతాడు. చదివే గొంతు దొరల పేర్లు, తేదీలు, రబ్బరు లెక్కలు చెబుతూంటే ఆడేవాడి ఒళ్లు ఆ లెక్కల్లో లేనివాళ్లని చూపిస్తుంది. ముగ్గురు మనుషులు, ఒక కథ, దానికి ఒక అడ్డుతగలడం. నా పేచీ యిక్కడే. యీ ముగ్గుర్ని మనం యెక్కడో చూశాం. డక్కీలు లేవు గాని, అదే ఏర్పాటు. ఆయన తెలుగుదేశం వచ్చి నేర్చుకున్నాడని అనను. రాగిరేకులు లేనివాళ్లు యే ఖండంలో వున్నా ఆ యేర్పాటుకే చేరుకుంటారని అంటాను.

మరి మన రాజకీయ వంత యెక్కడున్నాడు? 1972లో పుట్టిన జననాట్యమండలి గోచీ కట్టి, గొంగడి వేసి, గజ్జె కట్టి మళ్లీ వీధిలోకి తెచ్చింది. గద్దర్ ఒంట్లో తుపాకి గుండు పెట్టుకునే 2023లో పోయేదాకా ఆడాడు. అది ఒక దారి, అందరికీ నచ్చే దారి కాదు, అందరూ నడవగలిగే దారి అసలే కాదు. ఇంకో దారి ప్రభుత్వానిది. 1954లో ఢిల్లీవారు పాటలకీ నాటకాలకీ ఒక శాఖ పెట్టారు. నిషేధించిన సర్కారే బుర్రకథకి పారితోషికం యివ్వడం మొదలుపెట్టింది. కుటుంబ నియంత్రణ మీద బుర్రకథ, చిన్నమొత్తాల పొదుపు మీద బుర్రకథ, యెరువుల మీద బుర్రకథ. రాజకీయ వంత లేచి, "ఔనుగాని కథకుడా, ఇద్దరు చాలంటావా?" అని అడిగేవాడు. చాలు చాలు అని కథకుడనేవాడు. అవి మంచి సంగతులే. నేనూ చప్పట్లు కొట్టాను. కాని ప్రశ్న అడగాల్సినవాడు జవాబు ముందే చదువుకొచ్చినట్టుండేది. తానీషా అగ్రహారమే మళ్లీ.

మా కొల్లేటి సంగతి చూడండి. 1976 ప్రాంతంలో సర్కారే వడ్డివాళ్లకీ, తక్కినవాళ్లకీ సొసైటీలు పెట్టించి, చెరువులు తవ్వించి యిచ్చింది. తర్వాత తర్వాత ఆ చెరువులు పేరు సొసైటీది, పెట్టుబడి వేరొకళ్లది అయ్యాయి. 1999లో ఐదో కాంటూరు లోపలంతా పక్షుల అభయారణ్యం అన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని పొక్లెయిన్లు దింపి గట్లు తెగ్గొట్టారు. 2008లో, ఐదో కాంటూరుని మూడుకి తగ్గించమని శాసనసభ తీర్మానం చేసింది. అన్నిటికీ జీవోలున్నాయి, నంబర్లున్నాయి, సరిహద్దులున్నాయి. యీనాటి రాగిరేకులు అవి. తాతలనాటి నుంచి నీళ్ల మీద బతికి, చెరువు యజమానై, మళ్లీ అదే చెరువుకి కాపలా కూలీ అయి, ఆఖరికి గట్టు తెగిన రోజున అటు పక్షికీ ఇటు చేపకీ కాకుండా పోయినవాడి కథ మాత్రం యే రేకు మీదా లేదు. వేదిక మీదా లేదు.

మొన్న శివరాత్రి వెళ్లాక మా దగ్గర ఒక వూళ్లో తీర్థానికి బుర్రకథ పెట్టారు. దళం నాయకుడు అరవై దాటినవాడు. ఆట మొదలెట్టేముందు టీ తాగుతూంటే పక్కన కూచుని అడిగాను. "కొల్లేటి మీద ఒక కథ కట్టకూడదుటండీ?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "కట్టొచ్చండి. బుక్ చేసేవాడెవడండీ? పథకం మీద చెబితే గవర్నమెంటు యిస్తుంది. తీర్థానికి చెబితే చెరువులవాళ్లు చందాలేసుకుని యిస్తారు. గట్టు తెగ్గొట్టినవాళ్లూ మాకు డబ్బిచ్చేవాళ్లే, గట్టు పోసినవాళ్లూ డబ్బిచ్చేవాళ్లే. మూడోవాడి దగ్గర వుంటే యిస్తాడు గాని, వాడి దగ్గర లేదు గదండీ."

"రాజకీయ వంత చేత ఒక్క ముక్క అనిపించరాదూ?"

"ఆ కుర్రాడు కొత్తండి," అన్నాడు. "హాస్యం కూడా వాడే చూస్తున్నాడు. రెండోవాడు చేపల లారీ మీద క్లీనరుగా పోయాడు."

ఆ రాత్రి ఇద్దరే చెప్పారు. కథ బొబ్బిలి యుద్ధం. బుస్సీ ఫిరంగులు కోటగోడకి గురిపెట్టే ఘట్టం వచ్చేసరికి పన్నెండయింది. కుర్రాడు డక్కీ మీద దెబ్బ వేసి యేదో అడగబోయినట్టు ఒక్క క్షణం ఆగాడు. ముందు వరసలో కుర్చీలున్నాయి. తందాన అన్నాడు.